పాత పడవ, కొత్త ట్రాక్: ముందు తెరచాప తాడుకు సరైన చోటు ఏది?

1959 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనకు పియర్సన్ కంపెనీ ట్రైటన్ అనే 28 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవను తెచ్చింది. దాన్ని గీసినవాడు స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ కార్ల్ ఆల్బర్గ్. ఆయనే గీసిన ఆల్బర్గ్ 30 తయారీ 1962లో కెనడాలోని విట్బీ యార్డులో మొదలైంది. ఒక్కో నమూనాలో ఏడు వందలకు పైగా పడవలు వచ్చాయి. అరవై ఏళ్ళు గడిచినా వాటిలో చాలా పడవలు ఇంకా నీళ్ళ మీదే ఉన్నాయి. ఆ తరం పడవల సత్తాకు సముద్రమే సాక్ష్యం. 1988కి ముందు గీసిన నమూనాలను మాత్రమే అనుమతించే గోల్డెన్ గ్లోబ్ పందెంలో, 2022-23లో అభిలాష్ టోమీ రెండో స్థానంలో ముగించింది కూడా రస్లర్ 36 అనే పాత నమూనా పడవ మీదే. ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు గట్టిది. ముందుగా అరిగిపోయేది దాని మీద బిగించిన సామాను. ఆ సామానులో పడవ నడకను బాగా మార్చేదీ, యజమానులు చివరికి గానీ పట్టించుకోనిదీ ముందు తెరచాప తాడు ట్రాక్.

విషయం కొంచెం మొదటి నుంచి చెప్పుకోవాలి. హుస్సేన్ సాగర్ మీద పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్, లేజర్ పడవలకు ఒకటే తెరచాప. అక్కడ ఈ సమస్యే రాదు. సముద్రపు పడవకు మాస్ట్ అనే తెరచాప స్తంభం వెనక ఒకటి, ముందు ఒకటి, కనీసం రెండు తెరచాపలుంటాయి. 2017-18లో ఐ.ఎన్.ఎస్.వి. తారిణి మీద భూగోళాన్ని చుట్టొచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. వాళ్ళు నెలల తరబడి లాగి, వదిలి, సర్దిన తాళ్ళలో ముందు తెరచాప తాడు ఒకటి.

ముందు తెరచాప ముక్కోణం. దాని ముందంచు పడవ ముక్కు నుంచి మాస్ట్ పైకి బిగించిన ఉక్కు తీగ వెంట ఉంటుంది. అడుగంచు డెక్ మీదుగా పోతుంది. వెనకంచును ఏ కర్రా పట్టి ఉంచదు. అడుగంచు, వెనకంచు కలిసే మూలకు కట్టిన తాడే షీట్. అది కిందికి దిగి డెక్ మీది ఒక కప్పీ గుండా వెనక్కి తిరిగి, నడిపేవాళ్ళు కూర్చునే కాక్‌పిట్ పక్కన, తాడును చుట్టి లాగే వించి మీదికి చేరుతుంది. ఆ కప్పీ కూర్చునే బండిని కార్ అంటారు. కారు ముందుకూ వెనక్కూ జరిగే లోహపు పట్టా ట్రాక్. తెరచాప పట్టిన గాలి బలం ఆ ఒక్క మూల దగ్గర పోగై, ఆ ఒక్క కప్పీ మీద పడుతుంది. కప్పీ ఎక్కడ ఉండాలి, దాన్ని అక్కడ ఎలా నిలబెట్టాలి అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిది గాలికి సంబంధించినది, రెండోది డెక్‌కు సంబంధించినది. పాత పడవల దగ్గర చాలామంది రెండోదానితో మొదలుపెడతారు: ట్రాక్ కొంటారు, పాత రంధ్రాలు ఉన్న చోటే కూర్చోబెడతారు. నా వాదన దీనికి ఎదురు దిక్కు. చోటును కాగితం మీద మొదలుపెట్టి నీళ్ళ మీద తేల్చుకోవాలి. డ్రిల్లు పట్టడం చివరి పని. ఆ రంధ్రాల్లోంచి డెక్ గుండెలోకి నీరు దిగకుండా చూడడం మాత్రం చోటు ఎంపిక కన్నా ముఖ్యం. తప్పు చోట ఉన్న ట్రాక్ పడవ వేగాన్ని తగ్గిస్తుంది, తడిసిన డెక్ పడవనే తినేస్తుంది.

పాత పడవల మీద ట్రాక్‌లు ఇప్పుడున్న చోట ఎందుకున్నాయో తెలిస్తే సగం చిక్కు వీడుతుంది. మాస్ట్‌ను దాటి వెనక్కి వచ్చే పెద్ద ముందు తెరచాపను 1920ల్లో స్వీడన్ నావికుడు స్వెన్ సాలెన్ ఇటలీలోని జెనోవా పందేల్లో వాడి పేరు తెచ్చాడు, ఆ ఊరి పేరే ఆ తెరచాపకు నిలిచింది. తర్వాతి యాభై ఏళ్ళూ దానిదే రాజ్యం. పందేల కొలత నియమాలు, ముఖ్యంగా 1970 నుంచి వచ్చిన ఐ.ఓ.ఆర్., 150 శాతం జెనోవాను ప్రోత్సహించాయి. 150 శాతం అంటే, ముందంచు నుంచి వెనక మూలకు లంబంగా కొలిచిన దూరం, ముందు తీగ అడుగు నుంచి మాస్ట్ దాకా ఉన్న దూరానికి ఒకటిన్నర రెట్లు. అంత పెద్ద గుడ్డ మాస్ట్‌ను పక్కల నుంచి పట్టి ఉంచే ష్రౌడ్ తీగల బయట నుంచే పోవాలి. ఆనాటి పడవల్లో ఆ తీగలు డెక్ అంచునే దిగేవి. కాబట్టి ట్రాక్ కూడా డెక్ అంచునే, అక్కడి ఎత్తు పట్టీ అయిన టో రెయిల్ మీదో దాన్ని ఆనుకునో వచ్చింది. అప్పటి తెరచాపకు అది సరైన చోటే. ఇవాళ అదే పడవ యజమాని తెరచాపను ముందు తీగ చుట్టూ చుట్టేసే ఫర్లర్‌నూ, 110 లేదా 120 శాతం తెరచాపనూ కొంటున్నాడు. తెరచాప మారింది, ట్రాక్ మారలేదు. ఇప్పటి ఇబ్బందుల్లో అధికభాగం ఇక్కడ పుట్టినవే.

ముందుకా, వెనక్కా అన్న ప్రశ్నను మొదట చూద్దాం. కప్పీ ముందుకు జరిగితే తాడు తెరచాప మూలను కిందికి ఎక్కువగా లాగుతుంది. వెనకంచు బిగుస్తుంది, అడుగు భాగం బొజ్జలా లోతవుతుంది. వెనక్కి జరిగితే అడుగంచు బిగిసి చదునవుతుంది, వెనకంచు పై భాగం తెరుచుకుని గాలిని వదిలేస్తుంది. ఈ రెండింటి సమతూకానికి తరతరాలుగా చెప్పే సూత్రం ఒకటుంది: ముందంచు మధ్య బిందువు నుంచి వెనక మూల మీదుగా గీత గీసి డెక్ దాకా పొడిగిస్తే, అది తాకే చోటే కప్పీ చోటు. మధ్య బిందువు కాదు, 40 శాతం ఎత్తు అనేవాళ్ళూ ఉన్నారు.

ఆల్బర్గ్ 30కి దగ్గరగా ఉండే గుండ్రని అంకెలతో ఒక నమూనా లెక్క వేసి చూద్దాం. ముందు తీగ డెక్ నుంచి 10 మీటర్ల ఎత్తుకు పోతుంది, దాని అడుగు మాస్ట్‌కు 3.3 మీటర్ల ముందు ఉంది, తెరచాప 150 శాతం, వెనక మూల డెక్‌కు 90 సెంటీమీటర్ల పైన ఉంది. మధ్య బిందువు సూత్రం ప్రకారం కప్పీ ముందు తీగ అడుగు నుంచి 6.35 మీటర్ల వెనక ఉండాలి. 40 శాతం సూత్రం ప్రకారం 6.7 మీటర్లు. రెండూ పేరున్న సూత్రాలే, కానీ వాటి మధ్య 35 సెంటీమీటర్ల తేడా. ఇప్పుడు వెనక మూలను 90 నుంచి 150 సెంటీమీటర్లకు లేపండి. కనుచూపు బాగుండాలని, అలలు గుడ్డను కొట్టకూడదని దూరప్రయాణాల తెరచాపలను ఇలా ఎత్తుగా కుడతారు. కప్పీ చోటు మీటరు పైగా వెనక్కి, 7.4 మీటర్లకు పోతుంది. మూల ఎత్తు 90 సెంటీమీటర్లే ఉంచి, తెరచాపను 110 శాతానికి తగ్గించండి: 4.65 మీటర్లు. అంటే 150 నుంచి 110కి మారితే కప్పీ దాదాపు 1.7 మీటర్లు ముందుకు రావాలి.

ఈ అంకెలు రెండు పాఠాలు నేర్పుతాయి. సూత్రం చూపేది ట్రాక్ నడిమి భాగం ఎక్కడ ఉండాలో మాత్రమే, కారు ఆగాల్సిన రంధ్రాన్ని కాదు. ఇక ట్రాక్ ఎంత పొడవు ఉండాలన్నది పడవను బట్టి తేలేది కాదు, ఆ యజమాని దగ్గరున్న తెరచాపలను బట్టి తేలేది. ఒకే తెరచాపతో తిరిగేవాడికి రెండు మీటర్ల ట్రాక్ అనవసరపు రంధ్రాల వరస. ఫర్లర్ మీద తెరచాపను గాలిని బట్టి సగం చుట్టేవాడికి మాత్రం పొడవు కావాలి. గుడ్డ చుట్టుకునే కొద్దీ వెనక మూల ముందుకూ పైకీ పోతుంది, కప్పీ దాని వెంట ముందుకు నడవాలి. అలా నడవని పడవల్లో, చుట్టిన తెరచాప పై సగం గాలిలో రెపరెపలాడుతూ కుట్లు తెంచుకుంటుంది. తెరచాప పాడైందని కుట్టినవాణ్ణి నిందిస్తారు. అసలు నేరం కదలని కారుది.

సూత్రం వదిలిన పనిని ఊలు పోగులు పూర్తి చేస్తాయి. ముందంచుకు ఒక జానెడు వెనక, కింద, మధ్య, పైన మూడు చోట్ల గుడ్డకు రెండు వైపులా అంటించిన పోగులవి. గాలికి ఎదురుగా వెళ్తూ పడవ ముక్కును మెల్లగా గాలి వైపు తిప్పితే, గాలి వచ్చే వైపు పోగులు మూడూ ఒకేసారి పైకి లేచి అల్లాడాలి. పైది ముందుగా అల్లాడితే కారు ముందుకు జరగాలి, కిందిది ముందుగా అల్లాడితే వెనక్కి. ఇంతకన్నా నిజాయితీ గల కొలబద్ద ఈ విషయంలో లేదు. తెరచాప ఆకారం, తీగ వంపు, గాలి వేగం అన్నీ కలిసిన జవాబును అది కళ్ళ ముందు పెడుతుంది. కొందరు తెరచాపకారులు వెనక మూల దగ్గర ఒక గీత గీసి, తాడు ఆ గీతకు వరసలో ఉండాలని చెప్తారు. అదీ మంచిదే, మొదలుపెట్టడానికి.

లోపలికా, బయటికా అన్నది మరింత వివాదం ఉన్న ప్రశ్న. ముందు తీగ అడుగు నుంచి కప్పీకి గీసిన గీతకూ, పడవ నడిమి గీతకూ మధ్య కోణాన్ని షీటింగ్ కోణం అంటారు. పందెపు పడవలు 7, 8 డిగ్రీల దాకా పోతాయి. ప్రయాణాల పడవలకు 10 నుంచి 12 చాలంటారు. మన నమూనా పడవలో 150 శాతం జెనోవాను డెక్ అంచు మీద, నడిమి గీతకు 1.2 మీటర్ల దూరంలో కడితే కోణం 11 డిగ్రీల లోపే ఉంటుంది. ఆ పాత రూపకర్తలు తెలివితక్కువగా ఏమీ పెట్టలేదు. అదే డెక్ అంచు మీద 110 శాతం తెరచాపను కడితే కప్పీ ముందుకు వస్తుంది, అక్కడ పడవ కాస్త వెడల్పు కూడా. కోణం 15 డిగ్రీలు దాటిపోతుంది. 10 డిగ్రీలు కావాలంటే కప్పీ నడిమి గీతకు 82 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, అంటే అంచు నుంచి దాదాపు అర మీటరు లోపలికి. చిన్న తెరచాప కొన్నాక పడవ గాలికి ఎదురుగా పోవడం మానేసిందన్న ఫిర్యాదు వెనక ఉన్న లెక్క ఇదే.

అలాగని కోణాన్ని తగ్గించుకుంటూ పోవడం పాత పడవకు మేలు చేయదని నా నమ్మకం. ట్రైటన్, ఆల్బర్గ్ 30 లాంటివాటికి పడవ అడుగున పొడవునా సాగే బరువైన కీల్ ఉంటుంది. నిటారుగా దిగే సన్నని రెక్క లాంటి కీల్ ఇచ్చే పట్టు అది ఇవ్వదు. వేగం తగ్గితే పక్కకు జారిపోతుంది. ఇలాంటి పడవను 8 డిగ్రీలకు బిగించి గాలిలోకి గుచ్చితే ముక్కు గాలి వైపు చూస్తుంది, పడవ మాత్రం అడ్డంగా కొట్టుకుపోతుంది. పైగా అలల్లో దానికి బలం కావాలి, లోతైన తెరచాప కావాలి. 10 నుంచి 12 డిగ్రీల మధ్య దానికి ఊపిరాడుతుంది. పందెపు పుస్తకాల్లోని అంకెల కోసం క్యాబిన్ కప్పు మీద కొత్త రంధ్రాలు వేసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది.

ఇక చోట్లు. డెక్ అంచున టో రెయిల్ మీద ట్రాక్ పెడితే బోల్టులు ఒళ్ళూ డెక్కూ కలిసే చోట, గట్టి ఫైబర్‌గ్లాస్‌లోంచి పోతాయి. బలం విషయంలో ఇంతకన్నా మంచి చోటు లేదు. పక్క డెక్ మీద, అంచుకూ క్యాబిన్ గోడకూ మధ్య పెడితే చిన్న తెరచాపకు కోణం కుదురుతుంది. కానీ ఆల్బర్గ్ కాలపు పడవల్లో ఆ దారి ఇరుకు. రాత్రి వేళ ముందుకు నడిచే కాలికి ట్రాక్ అడ్డం పడుతుంది, డెక్ అక్కడ రెండు పొరల మధ్య చెక్కో పలకో కూర్చిన నిర్మాణం కూడా. క్యాబిన్ కప్పు మీద పెడితే తెరచాప ష్రౌడ్‌లకు లోపల నుంచి పోవాలి, 100 శాతానికి మించిన గుడ్డకు అది కుదరదు. 1970ల్లో సి అండ్ సి లాంటి కంపెనీలు డెక్ అంచంతా చిల్లులున్న అల్యూమినియం రెయిల్ పెట్టాయి. అది ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. తెరుచుకునే స్నాచ్ కప్పీని ఏ చిల్లుకైనా తగిలించి చోటు మార్చుకోవచ్చు.

అంచు ట్రాక్‌ను ఉంచుకుంటూనే కోణాన్ని లోపలికి తెచ్చే ఉపాయం కూడా ఉంది. 1960ల్లో శాన్‌డియాగోకు చెందిన బార్బర్ కవల సోదరులు ప్రచారంలోకి తెచ్చిన బార్బర్ హాలర్ అది. క్యాబిన్ గోడ దగ్గర ఒక కొక్కేనికి కట్టిన చిన్న తాడు, రింగు సాయంతో షీట్‌ను పక్కకు లాగుతుంది. రెండు వైపులకూ కలిపి రెండే రెండు కొక్కేలు. పాత పడవ ఇరుకు డెక్‌కు ఇది అక్కరకొచ్చే పరిష్కారం.

డ్రిల్లు పట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ చోటికి దగ్గర్లో ఉన్న గట్టి కొక్కేనికో, చిల్లుల రెయిల్‌కో, ష్రౌడ్ అడుగుకో తాత్కాలికంగా కప్పీని కట్టి, మామూలు గాలిలోనూ గట్టి గాలిలోనూ తిరగాలి. ఊలు పోగులు సరిపోయిన చోట డెక్ మీద రంగు టేపు అంటించాలి. పూర్తి తెరచాపకు ఒక టేపు, సగం చుట్టినదానికి ఒకటి, రెండు పక్కలా. ఆ టేపుల మధ్య దూరానికి రెండు వైపులా ఒక్కో జానెడు కలిపితే ట్రాక్ పొడవు తేలుతుంది. అప్పుడే కొనాలి. కాగితం మీది అంకెకూ టేపుకూ జానెడు తేడా వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పాత తెరచాప సాగి ఉంటుంది, తీగ వదులై ఉంటుంది. టేపు మాటే వినాలి.

తర్వాత బరువు లెక్క. వించీలు, కప్పీలు చేసే కంపెనీలు వాడే సూత్రం సులువైనది: తెరచాప వైశాల్యం చదరపు మీటర్లలో, దాన్ని గాలి వేగం నాట్‌ల వర్గంతో గుణించి, మళ్ళీ 0.021తో గుణిస్తే షీట్ మీద లాగుడు కిలోల్లో వస్తుంది. మన 150 శాతం జెనోవా 26 చదరపు మీటర్లు. 20 నాట్ల గాలిలో 218 కిలోలు, 25 నాట్లలో 340. గాలి పావు వంతు పెరిగితే లాగుడు సగానికి పైగా పెరిగింది. ఇందులో ఎంత ట్రాక్ మీద పడుతుందన్నది తాడు మలుపును బట్టి ఉంటుంది. కారు దగ్గర 45 డిగ్రీల చిల్లర మలుపు తిరిగే తాడు తన లాగుడులో దాదాపు ముప్పాతిక భాగం కారు మీద పెడుతుంది. 20 నాట్లలో సుమారు 170 కిలోలు. కొన్ని పడవల్లో తాడు వెనక దాకా పోయి, అక్కడ మరో కప్పీ చుట్టూ పూర్తిగా వెనక్కి తిరిగి వించికి వస్తుంది. ఆ కప్పీ మీద రెట్టింపు, 430 కిలోల పైన. ట్రాక్‌ను ఉక్కులా బిగించి వెనక కప్పీని నాలుగు చెక్క స్క్రూలకు వదిలేసిన పడవలు తక్కువేం కాదు. గుర్తుంచుకోవాల్సింది లాగే దిక్కు. కారు మీద బలం ప్రధానంగా పైకి, కొంచెం వెనక్కి. ట్రాక్ జారిపోవడానికి కాదు, డెక్ నుంచి ఊడి లేవడానికి ప్రయత్నిస్తుంది. అందుకే స్క్రూలు పనికిరావు. బోల్టు ఆరపార పోయి, కింద నట్టు, నట్టుకు పైన వెడల్పాటి పలక ఉండి తీరాలి.

ఇప్పుడు డెక్. ఆ తరం డెక్‌లు రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య చెక్కో పలకో కూర్చినవి. ట్రైటన్‌కు బాల్సా, తొలి ఆల్బర్గ్ 30లకు మేసొనైట్ పలక. తేలిక, గట్టిదనం రెండూ ఇచ్చే ఈ అమరికకు ఒకే శత్రువు నీరు. ప్రతి బోల్టు రంధ్రం నీటికి ఒక తలుపు. 100 మిల్లీమీటర్లకో రంధ్రం చొప్పున రెండు పక్కలా ఒకటిన్నర మీటర్ల ట్రాక్ అంటే ముప్పై దాకా తలుపులు. డెక్‌ను చిన్న సుత్తి పిడితో తడుతూ పోతే గట్టి చోట టక్కుమంటుంది, కుళ్ళిన చోట డొల్ల శబ్దం వస్తుంది. పాత ట్రాక్ బోల్టు ఒకటి ఊడదీసి చూడడం ఇంకా మంచి పరీక్ష. దాని నడుము సన్నబడి గోధుమరంగు తేలి ఉంటే లోపల తడి ఉన్నట్టే. స్టెయిన్‌లెస్ ఉక్కు గాలి తగిలితే మెరుస్తుంది, గాలి అందని తడి చెక్కలో మాత్రం లోలోపల తినేసుకుపోతుంది. తల, మొన బాగుండి నడుము తెగే బోల్టులు అలా తయారవుతాయి. డెక్ తడిస్తే ట్రాక్ పని ఆపి డెక్ పని మొదలుపెట్టాలి. ఇందులో రాజీ లేదు.

డెక్ పొడిగా ఉంటే పద్ధతి అందరూ ఒప్పుకున్నదే. 6 మిల్లీమీటర్ల బోల్టుకు 12 మిల్లీమీటర్ల రంధ్రం పై పొర నుంచి వేయాలి, కింది పొరకు టేపు వేయాలి. వంచిన మేకును డ్రిల్లుకు బిగించి తిప్పితే రెండు పొరల మధ్య బాల్సా వేలెడు మేర రాలిపోతుంది. ఆ గుంటను ముందు పలుచని ఎపాక్సీతో తడపాలి, చెక్క పీల్చుకోవాలి. ఆపైన చిక్కని ఎపాక్సీతో నింపి గట్టిపడనివ్వాలి. తర్వాత దాని నడుమ సరైన కొలత రంధ్రం. ఇప్పుడు బోల్టు పోయేది ఎపాక్సీ స్తంభంలోంచి. పై సీలు ఎప్పుడో విఫలమైనా నీరు క్యాబిన్‌లోకి కారుతుంది తప్ప చెక్కలోకి చేరదు. కారే నీరు కనబడుతుంది, దాన్ని ఆపుకోవచ్చు. ఎపాక్సీ బిగించే బలాన్ని కూడా మోస్తుంది, బాల్సా నలిగిపోదు. ముప్పై రంధ్రాలకు ఇలా చేయాలంటే విసుగు పుడుతుంది. అయినా ఒక్కటి కూడా వదలకూడదు, ఎందుకంటే డెక్ కుళ్ళడానికి ఒక్క రంధ్రం చాలు.

సీలు మీద అభిప్రాయ భేదాలు ఇంకా తీరలేదు. పాలీసల్ఫైడ్ పాత నమ్మకస్థుడు. మెత్తగా సాగే బ్యూటైల్ టేపు వైపు ఇటీవల చాలామంది మొగ్గారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. అది ఏళ్ళ తరబడి మెత్తగానే ఉంటుంది, కావాలంటే ట్రాక్ ఊడివస్తుంది. దానికి ఓపిక కావాలి: ఒకేసారి బిగించకుండా రెండు మూడు రోజులు కొద్దికొద్దిగా బిగిస్తూ, బయటికి పిండుకొచ్చినది తుడుస్తూ పోవాలి. శాశ్వతంగా అంటుకునే పాలీయురిథేన్ జిగురు మాత్రం ట్రాక్ కింద వద్దు. మళ్ళీ తీయాల్సి వచ్చిన రోజు డెక్ పై పొరతో సహా ఊడుతుంది. ఏది వాడినా రంధ్రం పై అంచును కొద్దిగా చెక్కి చిన్న గుంట చేస్తే సీలు బోల్టు మెడ చుట్టూ ఉంగరంలా నిలుస్తుంది. బిగించేటప్పుడు పైన ఒకరు బోల్టును కదలకుండా పట్టుకుంటే కింద ఇంకొకరు నట్టు తిప్పాలి. బోల్టు తిరిగితే ఆ ఉంగరం తెగుతుంది.

కింది పలకకు చిన్న వాషర్లు చాలవు. కనీసం పెద్ద ఫెండర్ వాషర్లు, వీలైతే జి10 అనే గట్టి ఫైబర్‌గ్లాస్ పలక లేదా అల్యూమినియం పట్టీ ట్రాక్ పొడవునా ఉండాలి. ప్లైవుడ్ చవక, తడిస్తే అదీ కుళ్ళుతుంది.

పాత ట్రాక్ తీసి కొత్తది వేసేవాళ్ళను పట్టుకునే రెండు ఉచ్చులున్నాయి. పాత అమెరికా ట్రాక్‌లలో రంధ్రాల దూరం తరచుగా 4 అంగుళాలు, అంటే 101.6 మిల్లీమీటర్లు. ఇప్పటి చాలా ట్రాక్‌లలో 100. మొదటి రంధ్రం సరిగ్గా కలుస్తుంది, రెండోదీ ఇరుకుగా దూరుతుంది, పన్నెండో రంధ్రానికి వచ్చేసరికి దాదాపు 18 మిల్లీమీటర్ల తేడా. పాత రంధ్రాలను ఎపాక్సీతో పూడ్చి కొత్తవి వేయడం తప్ప దారి లేదు. రెండోది బోల్టు తల. అంగుళాల కొలత బోల్టుల సాపు తలకు వాలు 82 డిగ్రీలు, మెట్రిక్‌వాటికి 90. ఒకదాని గుంటలో ఇంకొకటి వేస్తే తల సన్నని అంచు మీదే ఆనుతుంది. కారు దాని మీద తట్టుకుంటుంది, బోల్టు పూర్తి బలం ఇవ్వదు. అల్యూమినియం ట్రాక్‌లో స్టెయిన్‌లెస్ బోల్టు పెట్టేటప్పుడు టెఫ్‌జెల్ లేదా డ్యూరలాక్ లాంటి లేపనం రాయకపోతే ఉప్పునీటిలో రెండు లోహాల మధ్య అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. కొలత విషయంలో 30 అడుగుల లోపు పడవకు అంగుళం వెడల్పు ట్రాక్, పావు అంగుళం బోల్టులు సరిపోతాయి. అంతకు మించితే అంగుళంపావు ట్రాక్, 8 మిల్లీమీటర్ల బోల్టులు.

డెక్ చదునుగా ఉండదు, బయటికి వాలి ఉంటుంది, ముందు నుంచి వెనక్కి వంపు తిరుగుతుంది. ట్రాక్ సహజంగా పైకీ కిందికీ సులువుగానే వంగుతుంది, పక్కకు వంగడం కష్టం. డెక్ అంచు వంపుకు సరిగ్గా కలపాలని బలవంతం చేయడం కన్నా నేరుగా వేసి, కింద టేకు లేదా ఎపాక్సీ దిమ్మతో వాలు సరిచేయడం మేలు. దిమ్మ పెట్టడానికి ఇంకో కారణం ఉంది: ట్రాక్ తల తాడు వచ్చే దిక్కును చూడాలి, లేకపోతే కారు ఒక పెదవి మీదే వేలాడి అరిగిపోతుంది.

కారు విషయంలో పాతకాలపు పిన్ కారు ఇంకా మంచిదే. లోపం ఒక్కటే, బరువు మీద ఉండగా అది జరగదు. ముందు గాలి వచ్చే వైపు ఖాళీగా ఉన్న కారును జరిపి, పడవను తిప్పి, ఆ తర్వాత రెండో దాన్ని జరిపేవాళ్ళున్నారు. వయసు మీద పడ్డవాళ్ళకూ, ఒంటరి ప్రయాణికులకూ కాక్‌పిట్ నుంచి తాడుతో లాగే కారు వంగిన డెక్ మీదికి పాకే అవసరం తప్పిస్తుంది. ఖర్చుకు తగ్గ ప్రాణరక్షణ అది.

ట్రాకే అక్కర్లేదనే కొత్త వాదన కూడా ఉంది. డైనీమా అనే గట్టి తాడుకు కట్టిన నున్నటి అల్యూమినియం రింగు గుండా షీట్‌ను పోనిచ్చి, ఆ రింగును ఒక తాడు కిందికి, మరో తాడు లోపలికి లాగేలా అమరుస్తారు. ముప్పై రంధ్రాల బదులు పక్కకు రెండేసి కొక్కేలు. పాత డెక్‌కు ఇది పెద్ద ఊరట, 30 అడుగుల లోపు పడవకు నేను మొదట ఆలోచించేది ఇదే. కానీ కొక్కేలు ముందుగా సరైన చోట పడాలి, ప్రతి కొక్కెం మీదా బలం ఒక్కచోటే పడుతుంది కాబట్టి కింది పలక ట్రాక్‌కు కావాల్సినదాని కన్నా పెద్దదవ్వాలి. తెరచాపల సైజులు తరచూ మార్చేవాళ్ళకు ట్రాక్ ఇచ్చే వెసులుబాటు రింగులకు రాదు.

ఏ దారి పట్టినా తాడు వించి మీదికి కొద్దిగా కింది నుంచి ఎక్కాలి, సుమారు 5 డిగ్రీలు. పై నుంచి దిగితే చుట్టు మీద చుట్టు పడి బిగుసుకుపోతుంది, గట్టి గాలిలో దాన్ని విప్పడం కత్తితోనే సాధ్యం. కారును ట్రాక్ రెండు చివరలకూ జరిపి ఈ కోణాన్ని రెండు చోట్లా చూసుకోవాలి. ఆ తర్వాత డెక్ మీద గొట్టంతో నీళ్ళు పోస్తూ, లోపల ఒకరు టార్చి పట్టుకుని ప్రతి నట్టునూ వేలితో తడమాలి. మొదటి గట్టి ప్రయాణం అయ్యాక నట్లను ఇంకోసారి బిగించాలి. లోపలి కప్పు పలకలను మొదటి పెద్ద వాన కురిసి, కింది వైపు పొడిగా ఉందని చూసుకున్నాకే తిరిగి పెట్టాలి.